యాప్‌లో పొలం మూల ఎర్రగా చూపిస్తోంది, నేల పాడైనట్టేనా?

బెజవాడ ఉద్యోగి:
అందరికీ నమస్కారం. నేను ఉండేది విజయవాడలో, పొలం గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు. నల్లరేగడి, 3 ఎకరాల మిర్చి, డ్రిప్ ఉంది. నాన్న చూసుకుంటారు. ఈమధ్య ఫోన్‌లో ఒక శాటిలైట్ యాప్ వేసుకుంటే తూర్పు మూల అర ఎకరం దాకా ఎర్రగా చూపించి ‘నేల ఆరోగ్యం తక్కువ’ అంటోంది. నాన్నకి చెప్పానో లేదో ఆయనకి టెన్షన్ పట్టుకుంది. ఎరువుల కొట్లో అడిగితే రెండు కట్టలు కాంప్లెక్సు వేసేయమన్నారట. వేసేయమంటారా?

రేగడి రైతు:
తమ్ముడూ, ఆగు. ఆ ఎరుపు నేలది కాదు, మొక్కది. ఒత్తుగా ఉన్న పచ్చటి ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, మన కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడాతో కట్టే లెక్క పేరు ఎన్‌డీవీఐ, చాలా యాప్‌లు దానికే రంగులు పూసి ‘నేల’ అని పేరు పెడతాయి. అందులో నత్రజనీ లేదు, భాస్వరమూ లేదు. అక్కడ పైరు పల్చగా ఉందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. తామరపురుగు కావచ్చు, నీళ్ళు నిలిచి ఉండొచ్చు, మబ్బు నీడ కూడా కావచ్చు. నాటి ఎన్నాళ్ళయింది? నెలలోపైతే సాళ్ళ మధ్య మట్టే ఎక్కువ కనిపిస్తుంది, ఆ రంగుల్ని అసలు పట్టించుకోనక్కర్లేదు.

బెజవాడ ఉద్యోగి:
60 రోజులు దాటింది అన్నా. పైగా అర ఎకరం అంటే చిన్నదేం కాదుగా.

రేగడి రైతు:
సెంటినెల్-2 ఉపగ్రహం తీసే బొమ్మలో ఒక గడి 10 మీటర్లు ఇటు, 10 మీటర్లు అటు. ఎకరానికి 40 గడులు, నీ అర ఎకరానికి ఇరవై. వాటిలో గట్టు పక్కవి తీసెయ్, తుమ్మచెట్లూ పక్కాయన పత్తీ అన్నీ వాటిలోనే కలిసిపోతాయి. లోపల మిగిలినవి కూడా ఎర్రగా ఉంటే అప్పుడు ఆలోచించు. ఆ బొమ్మలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటు ఉచితమే, అందులో గత మూడు నాలుగేళ్ళ ఏప్రిల్, మే బొమ్మలు తియ్. మబ్బులు తక్కువ, చేను ఖాళీ, అసలు నేల కనిపించేది అప్పుడే. ఏటా అదే మూల తేడాగా ఉంటే నేలని అనుమానించు, తెల్లగా మెరుస్తుంటే చౌడు కావచ్చు. ఈ ఏడాదే వచ్చిందంటే నీళ్ళో, తెగులో.

నేనూ ఒకసారి ఇలాగే చూసి రెండు కట్టలు పోశాను. తర్వాత పలుగేసి అడుగు లోతు తవ్వితే మట్టి బంకలా పారకి అంటుకుపోయింది, మొక్క వేళ్ళ కొసలు నల్లబడి, చేత్తో లాగితే పైతోలు జారిపోయింది. మురుగు బోదె పూడిపోయి ఉంది. అంటే నేను ఎరువు పోసింది బురదలో!

తెనాలి కుర్రాడు:
మబ్బులుంటే రాడార్ చూడొచ్చు కదా, నిసార్ రాడార్ ఉపగ్రహం వచ్చిందిగా? మా ఊళ్ళో ఒక డ్రోన్ అతను నేల రిపోర్టు కూడా ఇస్తానంటున్నాడు.

రేగడి రైతు:
నిసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళింది, 12 రోజులకోసారి అదే దారిన వస్తుంది, మబ్బులు దానికి అడ్డం కావు. రాడార్ తేమని పసిగడుతుంది, ఒప్పుకుంటా, కానీ అది పైపైన కొన్ని సెంటీమీటర్ల తేమే. మన రేగడి పైన నెర్రెలిచ్చినా జానెడు కింద పదునుంటుంది, మిర్చి వేరు తాగేది అక్కడ. కాబట్టి దాన్ని చూసి మోటారు వెయ్యకండి. డ్రోన్ అయితే సాలులో ఏ మొక్క పోయిందో కూడా పట్టిస్తుంది. మామూలు కెమెరాతో ఎగరేసి భాస్వరం ఎంతుందో చెబుతానంటే మాత్రం డబ్బులివ్వకు.

లాం దారి:
మట్టి పరీక్షకి వెళ్తే ఎర్రగా చూపించిన మూలది విడిగా, పైరు బాగున్న చోటిది విడిగా తీయండి బాబూ. కలిపేస్తే వచ్చే సగటు మీ చేలో ఎక్కడా ఉండదు. పై చెత్త తీసేసి, వి ఆకారంలో 6 అంగుళాల గుంట తీసి, పక్కనుంచి పైనించి కిందిదాకా పలచగా చెక్కాలి. ఎనిమిది, పది చోట్ల తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి రెండు పారేస్తూ అర కిలోకి తెచ్చి నీడలో ఆరబెట్టండి. చెట్టు కింద, గట్టు పక్క, పెంట పోగేసిన చోట వద్దు. పాత ఎరువు సంచిలో అసలే పెట్టకండి. ఎక్కడివ్వాలో ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో చెబుతారు. రిపోర్టు రాగానే ముందు పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం), ఈసీ (విద్యుత్ వాహకత) చూడండి, ఉప్పు సంగతి ఈసీలోనే తెలుస్తుంది.

బెజవాడ ఉద్యోగి:
ఆదివారం వెళ్ళొచ్చాను. గట్టు గడులు తీసేస్తే అర ఎకరం కాస్తా పావు అయింది, మే బొమ్మల్లో నాలుగేళ్ళూ ఆ మూల మిగతా చేనులాగే ఉంది. తవ్వి చూశాం, వేళ్ళు తెల్లగానే ఉన్నాయి, మట్టే పొడిపొడిగా రాలుతోంది. తీరా చూస్తే ఆ మూలకి నీళ్ళు తీసుకెళ్ళే డ్రిప్ సబ్‌మెయిన్ పైపు వాల్వు పిడి విరిగి సగంలో ఆగిపోయింది, మీద గోనెసంచి కప్పి ఉంది! కట్టలు కొనలేదు. లాం దారి గారు చెప్పినట్టే మట్టి రెండు సంచుల్లో తీశాం, నాన్న వాటి మీద ‘మంచిది’, ‘ఎర్రది’ అని రాసి ఇచ్చొచ్చారు. తీసుకున్నతను ‘ఎర్రనేల కూడా ఉందా మీకు?’ అని అడిగాడట.