ఇటాలియన్ హారర్: ఫుల్చీని ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. నెల రోజులుగా పాత ఇటాలియన్ హారర్ సినిమాలు వెతికి మరీ చూస్తున్నాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మొదట డారియో అర్జెంటో తీసిన 'సస్పీరియా' (1977) చూశాను. ఎయిర్‌పోర్టులో ఆ అమ్మాయి బయటికి నడుస్తుంటే, అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాబ్లిన్ బ్యాండ్ సంగీతం వినిపిస్తుంది, మూసుకోగానే ఆగిపోతుంది. ఇంకా ఏమీ జరగకముందే ఒళ్లు జలదరించింది. తర్వాత మారియో బావా 'బ్లాక్ సండే' (1960). లోపల మేకులున్న ముసుగును మంత్రగత్తె ముఖానికి పెట్టి పెద్ద సుత్తితో కొట్టే సీను కళ్ల ముందు నుంచి పోవట్లేదు. బావా కెమెరామన్‌గా పనిచేసి వచ్చినవాడు, అందుకే ఆ నలుపు తెలుపుల్లో అంత లోతు. నా లెక్కలో అర్జెంటో, బావా, ఫుల్చీ ముగ్గురిలో ఆయనే గొప్ప దర్శకుడు.

చిక్కల్లా లూచో ఫుల్చీ దగ్గరే. 'జాంబీ 2' (1979) సగంలో ఆపేశాను. కంట్లో చెక్క పేడు దిగే సీను నా వల్ల కాలేదు. కానీ ఆయన్ని అలా వదిలేయాలని లేదు. 'ది బియాండ్' (1981)తో మళ్లీ ప్రయత్నించనా? లేక అంతకుముందు తీసిన హత్యల మిస్టరీ 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్' (1972) నాలాంటివాళ్లకు నయమా?

ఇంకొకటి. అప్పట్లో అక్కడ మాటలన్నీ షూటింగ్ అయ్యాకే డబ్బింగ్ చెప్పేవారు కదా, మరి ఇటాలియన్ ఆడియోలో చూడాలా, ఇంగ్లీషులోనా? 'సస్పీరియా' ఇంగ్లీషులోనే చూశాను. రెండూ చూసినవాళ్లుంటే తేడా ఎక్కడ తెలిసిందో, ఏ సీనులోనో చెప్పండి, ప్లీజ్.