ఆఫీసులో బడీ ఫ్రాంక్లిన్ గొడవ: కొత్తగా వచ్చినవాడిని, ఏం మాట్లాడాలి?

ప్రశ్న, టార్నీట్ నుంచి:

అందరికీ నమస్కారం. ఖమ్మం నుంచి ఈ మధ్యే మెల్‌బోర్న్ వచ్చాను. ఆఫీసులో నా పక్కన కూర్చునే ఇద్దరూ మంచి స్నేహితులు. కానీ ‘బడీ’ అనే పేరు వస్తే చాలు, భోజనాల సమయమంతా వాదనే. ఒకాయన హాథార్న్ అనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమాని. డబ్బు చూసి క్లబ్బును వదిలేసిన మనిషి అంటాడు. ఇంకొకాయన సిడ్నీలో పెరిగినవాడు. అంతటి ఆటగాడు మళ్ళీ పుట్టడు అంటాడు. నిన్న ఇద్దరూ నా వైపు తిరిగి నీ మాటేమిటని అడిగారు. క్రికెట్ అయితే గంటసేపు మాట్లాడేవాడిని. ఇక్కడ నోరు పెగల్లేదు. ఎవరీ మనిషి? ఏమంటే బాగుంటుంది?

జవాబు, గ్లెన్ వేవర్లీ నుంచి:

తమ్ముడూ, స్వాగతం. నేను హాథార్న్ మనిషిని, మా పిల్లలు ఆ గోధుమ, బంగారు రంగుల కండువాలతోనే పెరిగారు. కాబట్టి మీ మొదటి సహోద్యోగి బాధ నాకు తెలుసు. అయినా ఆయన మాటతో ఏకీభవించలేను. కారణం చెబుతాను.

బడీ అసలు పేరు లాన్స్ ఫ్రాంక్లిన్. పశ్చిమ ఆస్ట్రేలియాలోని డవరిన్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. అక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజల బిడ్డ. 2004 డ్రాఫ్టులో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, అయిదో ఆటగాడిగా హాథార్న్ తీసుకుంది. మనిషి ఆరున్నర అడుగులు, ఎడమ కాలి ఆట. గోల్ కోసం నిలబడి కొట్టే అవకాశం వచ్చినప్పుడు అందరూ తిన్నగా పరుగెత్తుకొస్తారు. ఇతను ఎడమవైపుకు వంపు తిరుగుతూ వచ్చేవాడు. శిక్షకులు పిల్లలకు వద్దని చెప్పే పద్ధతి అది. అయినా వారాంతాల్లో మైదానాల్లో చూడండి, పిల్లలు ఇప్పటికీ అలాగే కొడుతుంటారు.

ఈ ఆటలో పొడవాటి రెండు కర్రల మధ్య నుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు, వాటి పక్కనున్న పొట్టి కర్రలకూ వాటికీ మధ్య నుంచి పోతే ఒకటి. ఒక్కో జట్టుకు మైదానంలో 18 మంది. మునుపటి రోజుల్లో గోల్ ముందర ఒక బలశాలి నిలబడేవాడు, మిగతావాళ్ళంతా బంతిని అతని వైపు పొడవుగా కొట్టేవాళ్ళు. అందుకే 1980, 90 దశకాల్లో ఒక సీజనులో నూరు గోల్స్ చాలాసార్లు పడ్డాయి. ఆ తర్వాత జట్లన్నీ వెనక్కి వచ్చి గుంపుగా కాపు కాయడం నేర్చుకున్నాయి. గోల్ ముందర ఖాళీ స్థలమే మిగల్లేదు. అలాంటి కాలంలో 2008లో ఇతను 113 గోల్స్ కొట్టాడు. లీగ్ దశ చివరి వారం కార్ల్‌టన్ మీద నూరోది పడగానే జనం కంచెలు దాటి మైదానంలోకి దూకారు. అదే మ్యాచులో కార్ల్‌టన్ ఆటగాడు బ్రెండన్ ఫెవోలా 99 దగ్గర ఆగిపోయాడు. ఆ ఏడాది నుంచి ఇప్పటిదాకా మరొకరు నూరు కొట్టలేదు. అదే ఏడాది గ్రాండ్ ఫైనల్లో, అప్పటికి సీజను మొత్తంలో ఒక్క మ్యాచే ఓడిన జీలాంగ్‌ను హాథార్న్ 26 పాయింట్లతో ఓడించింది.

అంకెలు పక్కన పెట్టి 2010లో ఎసెండన్ మీద కొట్టిన గోల్ వీడియో చూడండి. మైదానం అంచున బంతి అందుకుని, వెంటపడ్డవాణ్ణి దాటుకుంటూ, గీత పక్కనే పరుగు తీసి, దూరం నుంచి ఎడమ కాలితో లోపలికి కొట్టాడు. అంత పొడగరి అలా పరుగెత్తడం ఈ ఆటలో అరుదు. ఆ ఏటి మేటి గోల్ అదే అయింది. గోల్ ముందు నిలబడి బంతి కోసం ఎదురుచూసే పాత ఫార్వర్డ్ పని, దూరం నుంచి బంతిని తానే మోసుకొచ్చే పరుగుగాడి పని, రెండూ ఒక్కడే చేశాడు. అతని గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. 2013లో హాథార్న్ మళ్ళీ ప్రీమియర్‌షిప్, అంటే గ్రాండ్ ఫైనల్ గెలిచినవాళ్ళకు దక్కే పట్టం, గెలిచింది. కొద్ది రోజులకే ఫ్రాంక్లిన్ సిడ్నీ స్వాన్స్‌తో తొమ్మిదేళ్ళకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అప్పటికి 26 ఏళ్ళు. మా ఇళ్ళల్లో కోపతాపాలు చాలానే నడిచాయి. కానీ ఒకే క్లబ్బుకు ఎనిమిదేళ్ళు ఆడి ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుకు వెళ్ళే హక్కు నిబంధనల్లోనే ఉంది. మా క్లబ్బుకు రెండు ప్రీమియర్‌షిప్‌లు, 580 గోల్స్ ఇచ్చి వెళ్ళాడు. మనలో జీతం పెరిగితే కంపెనీ మారనివారెవరు? చాలామంది ఆటగాళ్ళ కాళ్ళకు పదేళ్ళకన్నా ఎక్కువ ఆయుష్షు ఉండదు. అతన్ని ద్రోహి అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

జవాబు, సిడ్నీ వెస్ట్‌మీడ్ నుంచి:

అక్కా, ద్రోహి అన్నమాట తప్పని నేనూ ఒప్పుకుంటాను. కానీ డబ్బు ఇచ్చిన క్లబ్బు వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. నేను స్వాన్స్ సభ్యుణ్ణి. బడీ కోసమే సభ్యత్వం తీసుకున్న కుటుంబాలు నాకు చాలా తెలుసు. రగ్బీ లీగ్ ఏలే ఈ ఊళ్ళో అది మామూలు సంగతి కాదు. 2022 మార్చి 25న సిడ్నీ క్రికెట్ గ్రౌండులో జీలాంగ్ మీద వెయ్యో గోల్ పడ్డప్పుడు వేలమంది మైదానంలోకి పరుగెత్తారు, ఆట చాలాసేపు ఆగిపోయింది. వెయ్యి దాటినవాళ్ళు ఈ ఆట చరిత్ర మొత్తంలో ఆరుగురే.

అయితే మేము పెట్టుకున్న ఆశ ప్రీమియర్‌షిప్. అది రాలేదు. 2014 గ్రాండ్ ఫైనల్లో అతను వదిలివచ్చిన హాథార్నే మమ్మల్ని 63 పాయింట్లతో ఓడించింది. 2015లోనూ వాళ్ళే గెలిచారు. 2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో ఓడాం. ఆ రోజు బడీ మొదట్లోనే చీలమండ దెబ్బతో కుంటుతూ ఆడాడు. 2022లో జీలాంగ్ చేతిలో 81 పాయింట్ల తేడా. ఆటగాళ్ళ జీతాలకు లీగ్ ఒక మొత్తం నిర్ణయిస్తుంది, అందులో ఒకరి వాటా పెరిగితే ఇంకొకరిని వదులుకోవాలి. 2016 సీజను అయ్యాక టామ్ మిచెల్ మా దగ్గర్నుంచి వెళ్ళింది హాథార్న్‌కే. 2018లో లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం అతనికే వచ్చింది. బడీ ఒప్పందం లేకుంటే మిచెల్‌ను ఉంచుకోగలిగేవాళ్ళమేమో అని మా స్టాండులో ఇప్పటికీ అనుకుంటారు. బడీ ఆటను ప్రేమిస్తాను. ఆ ఒప్పందం మాత్రం క్లబ్బుకు పూర్తిగా గిట్టుబాటు కాలేదు.

జవాబు, గ్లెన్ వేవర్లీ నుంచి:

మీ లెక్క నిజమే. కానీ దాన్ని ఆటగాడి ఖాతాలో రాయడమే నాకు నచ్చదు. టోనీ లాకెట్ సంగతి తీసుకోండి. 1360 గోల్స్, అందరికన్నా ఎక్కువ. అతనూ మీ సిడ్నీకి వచ్చినవాడే, 1996లో గ్రాండ్ ఫైనల్ ఓడినవాడే. ఒక్క ప్రీమియర్‌షిప్ కూడా లేదు. అందుకని లాకెట్‌ను ఎవరైనా తక్కువ చేస్తారా? బడీకి రెండు ఉన్నాయి. అయినా అతన్ని ఆ కొలతతోనే కొలుస్తారు. ఒప్పందం కుదిరిన రోజున ఇక్కడి వ్యాఖ్యాతలు చెప్పిందేమిటి? 35 ఏళ్ళ దాకా ఆ శరీరం ఆగదని. తొమ్మిదేళ్ళూ పూర్తిచేసి, పైన ఇంకో ఏడాది ఆడి, 2023 జులైలో పిక్క గాయంతో విరమించాడు. మీ చొక్కా వేసుకుని 486 గోల్స్ కొట్టాడు. 2014, 2017లలో లీగ్ దశలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టి కోల్‌మన్ పతకం తీసుకున్నాడు. 2017 చివరి వారంలో కార్ల్‌టన్ మీద ఒక్క మ్యాచులో పది కొట్టాడు, గుర్తుందా?

మొత్తం 354 మ్యాచులు, 1066 గోల్స్, చరిత్రలో నాలుగో స్థానం. లాకెట్, కవెంట్రీ, డన్‌స్టల్ మాత్రమే పైన ఉన్నారు. ఇప్పటి ఆట తీరు చూస్తే ఇంకొకరు ఆ నలుగురి వరుసలోకి వస్తారని నాకు నమ్మకం లేదు.

తమ్ముడూ, ఇంకో సంగతి నీకు తప్పకుండా తెలియాలి. 2015లో ఫైనల్స్ ముందర ఫ్రాంక్లిన్ మానసిక అనారోగ్యం వల్ల ఆట నుంచి తప్పుకున్నాడు. క్లబ్బు దాన్ని దాచకుండా చెప్పింది. మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఇలాంటివి గుట్టుగా ఉంచుతాం. అంత పేరున్నవాడు, అంత డబ్బు తీసుకుంటున్నవాడు, సీజనులో అతి ముఖ్యమైన వారాల్లో ఆగిపోయాడు. మళ్ళీ వచ్చి ఏడు సీజన్లు ఆడాడు. నేను నా పిల్లలకు చెప్పే బడీ కథలో 113 గోల్స్ కన్నా ముందు ఇదే ఉంటుంది.

అదే ఏడాది అతని జట్టులోనే ఉన్న ఆడం గుడ్స్‌ను మైదానాల్లో నెలల తరబడి జనం ఎగతాళిగా అరిచి వేధించారు. గుడ్స్ కూడా ఆదివాసీ. రెండుసార్లు బ్రౌన్‌లో గెలిచినవాడు, 2014లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్. జాతి వివక్ష గురించి నోరు విప్పినందుకే ఆ శిక్ష అని చాలామంది నమ్ముతారు, నేనూ నమ్ముతాను. ఆ సీజను చివర అతను ఆట మానేశాడు. 2019లో లీగ్, 18 క్లబ్బులు క్షమాపణ చెప్పాయి. 2023 మే నెలలో ఎం.సి.జి.లో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో) కాలింగ్‌వుడ్ క్లబ్బు అభిమానులు కొందరు ఫ్రాంక్లిన్ మీద అదే పని చేసినప్పుడు వాళ్ళ కోచ్ క్రెయిగ్ మెక్‌రే కూడా తప్పుపట్టాడు. కాబట్టి ఆఫీసులో బడీ మీద ఎవరైనా మితిమీరిన మాట అంటే, అది జట్టు అభిమానమా, ఇంకేదైనానా అని గమనించు. రెండోది అయితే నవ్వి ఊరుకోవద్దు. ఈ దేశంలో మన రంగు చూసి కూడా మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఆ మాట ఇంకొకరి మీద పడ్డప్పుడు మనం తల దించుకుంటే, మన మీద పడ్డప్పుడు అడిగే హక్కు మనకు ఎక్కడిది?

జవాబు, టార్నీట్ నుంచి:

మన వీధివాడివే, రా! చరిత్ర అక్కయ్య చెప్పారు, పని సంగతులు నేను చెబుతాను. మీ ఇద్దరు సహోద్యోగుల మధ్య తీర్పు చెప్పకు. హాథార్న్ ఆయన్ని 2008లో ఏ స్టాండులో కూర్చున్నారని అడుగు. సిడ్నీ ఆయన్ని వెయ్యో గోల్ రాత్రి ఎక్కడున్నారని అడుగు. అరగంట నువ్వు వింటే చాలు. ఇక్కడ పరిచయాలు అలాగే మొదలవుతాయి.

ఆఫీసులో టిప్పింగ్ ఉంటుంది, ప్రతి వారం ఎవరు గెలుస్తారో ముందే రాసి ఇవ్వాలి. చేరు, ఓడినా ఫర్వాలేదు. చాలా వారాలు గురువారం రాత్రే మొదటి ఆట ఉంటుంది, అంతకుముందే రాసి పంపు. పిల్లలుంటే ఆస్‌కిక్‌లో, అంటే చిన్నపిల్లలకు ఈ ఆట నేర్పే చోట, చేర్చు, శనివారం పొద్దున అక్కడ నిలబడే తల్లిదండ్రులే నీ కొత్త ఇరుగుపొరుగు అవుతారు. మన పడమటి వైపు ఎక్కువమంది బుల్‌డాగ్స్ అభిమానులే. నేను కూడా అంతే, 2016ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ నీ జట్టు నువ్వే ఎంచుకో, ఒకసారి చెప్పాక మాత్రం మార్చకు. క్లబ్బు మారిన ఆటగాణ్ణి క్షమిస్తారు, జట్టు మార్చిన అభిమానిని ఎవరూ క్షమించరు.

స్వాన్స్ ఎం.సి.జి.కి ఆడడానికి వచ్చినప్పుడు నేను, మా బావ వెళ్తున్నాం. ఒక టిక్కెట్టు ఎక్కువ తీసుకుంటాను. టార్నీట్ స్టేషనులో కలుద్దాం. మన ఊళ్ళోలాగా ఎండాకాలం అనుకుని పలచని చొక్కాతో రావద్దు, జూన్‌లో రాత్రి ఆట అంటే ఇక్కడ గడ్డకట్టే చలి.