ఎనిమిదో తరగతికి మైక్రోస్కోప్ నుంచి నానో దాకా: రెండు పీరియడ్లలో ఎలా?

ప్రశ్న (సైన్స్‌బల్ల, చంద్రగిరి)
జడ్పీ హైస్కూల్. 38 మంది పిల్లలు, ఒకటే కాంపౌండ్ మైక్రోస్కోప్, 4ఎక్స్, 10ఎక్స్, 40ఎక్స్ లెన్సులు. ఉల్లిపొర చూపిస్తే సగం మంది నల్లటి గుండ్రాలు గీసి అవే కణాలంటున్నారు. ఇది సరిచేసి, అక్కడి నుంచి నానో ఇంజినీరింగ్ (కంటికి అందనంత చిన్న నిర్మాణాలతో పని చేయించడం) దాకా తీసుకెళ్లాలి. పెద్ద ఖర్చు పెట్టలేం. దారి చెప్పండి.

జవాబు (స్లైడు_కవర్‌స్లిప్)
ఆ గుండ్రాలు గాలి బుడగలు సార్. కవర్‌స్లిప్‌ను (పైన కప్పే పల్చటి గాజు పలకను) చదునుగా ఒక్కసారే వదిలేస్తే వస్తాయి. ఒక అంచు నీటిచుక్కకు ఆనించి, సూదితో రెండో అంచును మెల్లగా దించండి. పొర ఉల్లిరేకు లోపలి వైపు నుంచి తీయాలి, మడత పడకూడదు. సాఫ్రనిన్ (ఎర్ర రంగు ద్రవం) ఒక చుక్క, ఒక నిమిషం, తర్వాత నీళ్లతో కడగాలి. అయోడిన్ అయినా పర్లేదు. ముందే ఒక బుడగ స్లైడు కావాలని చేసి చూపించండి: దట్టమైన నల్ల అంచు ఉంటే బుడగ, ఇటుకల వరసలా ఉంటే కణాలు.

వెలుగు ఎక్కువైతే పారదర్శకమైన కణాలు కనపడవు, డయాఫ్రం (కింది నుంచి వచ్చే వెలుగును తగ్గించే రంధ్రం) కొంచెం మూయండి. 40ఎక్స్‌కు మారాక పెద్ద స్క్రూ ముట్టనివ్వొద్దు. లెన్సుకూ స్లైడుకూ మధ్య మిల్లీమీటరు కూడా ఉండదు, గాజు పగులుతుంది.

అసలు పని కొలవడం. కంటి కటకం మీద 10ఎక్స్/18 అని ఉంటే, 18ని (వలయం వెడల్పు తెలిపే సంఖ్య, మి.మీ.లలో) కింది లెన్సు సంఖ్యతో భాగించండి. 10ఎక్స్ కింద కనిపించే వలయం 1.8 మి.మీ. దాంట్లో అడ్డంగా ఆరు కణాలు పడితే ఒక్కోటి 300 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఈ లెక్క రాని పిల్లలకు నానోమీటరు (మైక్రాన్‌లో వెయ్యో వంతు) ఉత్త మాటే. ఫోన్ కెమెరాను కంటి కటకానికి ఆనించి ఫోటో తీస్తే అందరూ ఒకే బొమ్మ మీద లెక్కపెడతారు.

జవాబు (కాంతిగీత)
పైది ఒప్పుకుంటూనే ఒకటి: ఆ మైక్రోస్కోప్‌తో నానో కనపడదు, ఎంత పెంచినా. మామూలు కాంతితో దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరున్న రెండు చుక్కలు విడిగా తేలవు. 1873లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఆబె చూపించిన హద్దు అది. కాబట్టి చూపించడం మానేసి, కొలవనివ్వండి.

పాత సీడీ, ఒక మిల్లీవాట్ లోపు ఎర్ర లేజర్ పాయింటర్, తెల్ల కాగితం. లేబుల్ పొర ఊడదీసిన సీడీ గుండా కిరణాన్ని దానికి లంబంగా పంపి, 30 సెం.మీ. దూరంలో కాగితం పెడితే నడిమి చుక్కకు పక్కన సుమారు 13 సెం.మీ. దూరంలో ఇంకో చుక్క పడుతుంది. సీడీ నుంచి ఆ చుక్కకు దారం పట్టి కొలిస్తే దాదాపు 33 వస్తుంది. 13ని 33తో భాగించి, వచ్చిన దాంతో 0.65 మైక్రాన్‌ను (ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం) భాగిస్తే సీడీ మీది సన్నని గీతల మధ్య ఎడం సుమారు 1.6 మైక్రాన్లు. సైన్ అనే మాటే అక్కర్లేదు. డీవీడీతో చేస్తే 0.74 మైక్రాన్లు వస్తుంది, కానీ చుక్క చాలా పక్కకు పోతుంది కాబట్టి కాగితం 10 సెం.మీ. లోపే పెట్టండి. సంతలో దొరికే పచ్చ లేజర్లు వద్దు, వాటి శక్తి చాలాసార్లు రాసినదానికంటే ఎక్కువ. ఎర్రదైనా సరే, కిరణం పిల్లల కళ్ల ఎత్తులో ఉండకూడదు.

జవాబు (చేమగడ్డ)
ఇంజినీరింగ్ భాగానికి చేమాకు చాలు. దాని మీద బొట్టు బంతిలా దొర్లుతుంది. తామరాకుదీ ఇదే లెక్క: మైక్రాన్ల స్థాయిలో గుబ్బలు, వాటి మీద ఇంకా సన్నని మైనపు నిర్మాణం. ఆకు ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, పక్క నుంచి టార్చి వేసి చూస్తే గుబ్బలు తెలుస్తాయి, మైనపు నిర్మాణం తెలీదు. ఇప్పుడు ఒక చోట వేలితో గట్టిగా రుద్ది మళ్లీ బొట్టు వేయండి, అక్కడ అంటుకుంటుంది. కనపడనిది పని చేస్తోందని పిల్లలే చెప్తారు. సబ్బునీళ్లతో మాత్రం చేయొద్దు: సబ్బు నీటి తలతన్యతనే (బొట్టును బంతిలా పట్టి ఉంచే గుణాన్నే) తగ్గిస్తుంది, కారణం ఆకులో ఉందో నీటిలో ఉందో తేలదు. చేమ రసం దురద పుట్టిస్తుంది, కోసిన తొడిమ ముట్టుకోనివ్వకండి.

వెండి నైట్రేట్‌తో నానోకణాలు చేయించే ప్రయోగాలు ఈ వయసుకు వద్దు. చర్మం నల్లబడుతుంది, మిగిలిన ద్రవాన్ని ఎక్కడ పారబోయాలో తెలియదు.

ప్రశ్న (సైన్స్‌బల్ల)
థాంక్సండీ. సీడీ లేబుల్ పొర ఎలా ఊడదీయాలి? గోకితే గీతలు పడుతున్నాయి.

జవాబు (కాంతిగీత)
మొత్తం గోకొద్దు సార్. లేబుల్ వైపు అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టి, ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపుతో లాగండి. వెండి రంగు పొర టేపుతోనే వస్తుంది. గీతల అచ్చు ప్లాస్టిక్ మీదే ఉంటుంది, ఆ ముఖాన్ని వేళ్లతో తాకకండి. డీవీడీ రెండు పలకలు అంటించింది, అంచున బ్లేడు దూర్చి విడదీయాలి. ఈ రెండు పనులూ ముందురోజే మీరే చేసుకోండి.