గుడ్లు పెట్టే కోడి కాలేయం పసుపుగా ఎందుకుంటుంది? రిసెప్టర్ల పాత్ర ఏంటి?

వెటర్నరీ విద్యార్థి:
ల్యాబ్‌లో రెండు కాలేయాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి ఇంకా గుడ్లకు రాని పెట్టది, ముదురు ఎరుపు. రెండోది గుడ్లు పెడుతున్న కోడిది, బాగా పెద్దగా, లేత పసుపుగా, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. జబ్బు కాదు, ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ వల్లే అన్నారు. హార్మోను రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి కాలేయమే ఎందుకిలా మారుతుంది? ఇంకో డౌట్, ఇన్సులిన్ ఉండి కూడా కోడి రక్తంలో షుగర్ డెసిలీటరుకు 200 మి.గ్రా. దాటే ఉంటుంది, అంటే ఇన్సులిన్ సందేశాన్ని కణాల్లో అందుకునే రిసెప్టర్లు పనిచేయవా?

కణం:
పక్షుల్లో కొత్త కొవ్వు తయారయ్యేది ప్రధానంగా కాలేయంలోనే, ఒంట్లోని కొవ్వు కణజాలం దాన్ని దాచుకుంటుందంతే. ఈస్ట్రోజెన్ కాలేయ కణంలోకి వెళ్లి ఆల్ఫా రకం రిసెప్టర్‌కు అతుక్కుంటుంది, ఆ జంట డీఎన్‌ఏ మీద తమకు సరిపడే చోట కూర్చుని విటెల్లోజెనిన్ (పచ్చసొన ప్రొటీన్లకు ముడిసరుకు), కొవ్వు రేణువుల మీద ఉండే ప్రొటీన్ అపో-విఎల్‌డిఎల్-2 జన్యువుల్ని నడిపిస్తుంది. పచ్చసొనలోని సరుకు చాలావరకు అండాశయంలో కాదు, ఇక్కడే తయారవుతుంది! అపో-విఎల్‌డిఎల్-2 చేసే పని నాకు భలే నచ్చుతుంది. అది ఉన్న కొవ్వు రేణువులు చిన్నగా, సుమారు 30 నానోమీటర్లు ఉంటాయి, కొవ్వును విడగొట్టే ఎంజైమ్ లైపోప్రొటీన్ లైపేజ్ వాటిని సులువుగా విడగొట్టలేదు, కాబట్టి కొవ్వు దారిలో కండరాల పాలు కాకుండా నేరుగా గుడ్డుకు చేరుతుంది.

పక్షిప్రియ:
కాలేయమే ఎందుకంటే, అసలు కాలేయం ఒక్కటే కాదు. గుడ్డువాహికలోనూ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉంది, కానీ అక్కడ తెల్లసొనలోని ఓవాల్బుమిన్ తయారవుతుంది. రిసెప్టర్ ఒకటే, ఆ కణంలో ఏ జన్యువులు తెరిచి ఉన్నాయన్నదే తేడా. గుడ్డు పెట్టని పుంజుకు ఈస్ట్రోజెన్ ఇచ్చినా దాని కాలేయం విటెల్లోజెనిన్ తయారుచేస్తుంది, రెండోసారి ఇస్తే ఇంకా త్వరగా మొదలెడుతుంది. ఈ ప్రయోగం గురించి తప్పకుండా చదవండి, పుస్తకంలో పది పేజీలు చెప్పలేనిది ఇది చెప్పేస్తుంది.

కణం:
ఇన్సులిన్ సంగతికొస్తే, కోడి కాలేయంలో దాని రిసెప్టర్ బాగానే స్పందిస్తుంది, మొండికేసేది కండరం. క్షీరదాల కండరాల్లో గ్లూకోజ్‌ను లోపలికి లాగే గ్లట్-4 అనే ప్రొటీన్ కోళ్లలో కనిపించలేదు. పక్షుల్లో రక్తంలో షుగర్ పెంచే హార్మోను గ్లూకగాన్‌దే పెద్ద చేయి. కోడిపిల్ల పిండం కాలేయ కణాలకు ల్యాబ్‌లో థైరాయిడ్ హార్మోను టి3 ఇస్తే కొవ్వు తయారీకి కావలసిన మాలిక్ ఎంజైమ్ పెరుగుతుంది, గ్లూకగాన్ తోడైతే ఆ పెరుగుదల ఆగిపోతుంది.

వెటర్నరీ విద్యార్థి:
థ్యాంక్స్ అండీ. మరి ఫ్యాటీ లివర్ జబ్బును ఈ మామూలు పసుపు నుంచి ఎలా గుర్తుపట్టాలి?

పక్షిప్రియ:
రంగు చూసి తేల్చకండి. జబ్బులో కాలేయం పట్టుకుంటే పొడిపొడిగా విరిగిపోతుంది, లోపల రక్తస్రావం మచ్చలుంటాయి, ముదిరితే పొట్టలో రక్తం గడ్డలు కడుతుంది. ఈస్ట్రోజెన్ మాట వింటున్న కాలేయానికి అవసరానికి మించి శక్తినిచ్చే మేత, కదలిక లేకపోవడం తోడైతే, తయారైన కొవ్వంతా బయటికి పంపలేక అక్కడే పేరుకుపోతుంది.