సమస్య: “చచ్చినట్టి పడతి సాక్ష్యమిచ్చె”

నిర్వాహకుడు:
ఈ వారం పై పాదాన్ని చివర పెట్టి ఆటవెలది అల్లాలి. పద్యంలో అమెరికా జానపదాల్లో పేరుమోసిన దయ్యం ఒకటి కనబడాలి. మన మర్రిచెట్టు దయ్యాలకు ఈసారి సెలవు. యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు) తప్పితే దయ్యం వదిలినా నేను వదలను.

గోదారిగట్టు:

మెడను విరిచి మగడు మేలిముసుగు కప్ప
మూర్ఛ యనుచు వైద్యమూర్తి పలికె
తల్లి కలను జేరి తల తిప్పి చూపించి
చచ్చినట్టి పడతి సాక్ష్యమిచ్చె

వెస్ట్ వర్జీనియా, గ్రీన్‌బ్రయర్ కౌంటీ, 1897 జనవరి. జోనా షూ తన ఇంట్లోనే శవమై కనబడింది. డాక్టరు వచ్చేలోపే మగడు ఆమెకు మెడదాకా మూసే గౌను తొడిగి, ముసుగు చుట్టి, తల దగ్గరే కూర్చున్నాడు. డాక్టరు మొదట ‘తీరని మూర్ఛ’ అని రాశాడు. తర్వాత నాలుగు రాత్రులు కూతురు కనబడి మెడ విరిచిన సంగతి చెప్పిందని తల్లి మేరీ జేన్ హీస్టర్ పట్టుబట్టింది. ఫిబ్రవరిలో శవాన్ని తవ్వితీస్తే మెడ విరిగే ఉంది.

ఛందోబద్ధం:
గోదారిగట్టు గారూ, ‘వైద్యమూర్తి’లో వెటకారం పండింది. నా అభ్యంతరమల్లా ‘కలను’ మీదే. దుఃఖంలో వచ్చిన కల కాదా అని ముద్దాయి లాయరు ఆమెను బోనులో గుచ్చిగుచ్చి అడిగాడు. కాదు, మెలకువగానే ఉన్నానంది, మాట మార్చలేదు. మీ మూడో పాదం ఆ లాయరు పక్షాన నిలబడింది! ‘తల్లి కడకు చేరి’ అంటే గణాలు చెక్కుచెదరవు.

అసలు ప్రభుత్వ వకీలు జాన్ ప్రెస్టన్ దయ్యం జోలికే పోలేదు. విరిగిన మెడ, మగడి ప్రవర్తన చాలనుకున్నాడు. దయ్యాన్ని కోర్టులోకి లాక్కొచ్చింది ముద్దాయి లాయరే, తల్లిని నవ్వులపాలు చేద్దామని. అది బెడిసికొట్టింది. మగడు షూకు యావజ్జీవ శిక్ష పడింది, 1900లో జైల్లోనే పోయాడు. రోడ్డు పక్క ప్రభుత్వ ఫలకం మాత్రం దయ్యం సాక్ష్యం హంతకుణ్ణి పట్టించిన ఏకైక కేసు ఇదేనంటుంది. బోనెక్కింది తల్లి, పేరు కూతురిది.

గోదారిగట్టు:
‘కడకు’ అంటే దయ్యం వచ్చిందని నేనే ఒప్పుకున్నట్టు కదండీ?

ఛందోబద్ధం:
సమస్య పాదం ఎలాగూ ఒప్పించేసింది. ఇంకా మొహమాటమెందుకు!

వానచినుకు:

సేలమందు కోర్టు చిన్నారి మాటకే
పాదిరయ్య నురికి పంపివేసె
కట్టుకున్నవాడె కాలయముడటంచు
చచ్చినట్టి పడతి సాక్ష్యమిచ్చె

తమిళనాడు సేలం కాదు, మసాచుసెట్స్ సేలం, 1692. జార్జ్ బరోస్ అక్కడ ఒకప్పటి పాదిరి. అతని చనిపోయిన భార్యలిద్దరూ శవవస్త్రాలతో కనబడి, తమను చంపింది అతనేనని చెప్పారని పన్నెండేళ్ల ఆన్ పుట్నమ్ వాంగ్మూలమిచ్చింది. ఆగస్టు 19న అతన్ని మంత్రగాడని ఉరితీశారు.

ఛందోబద్ధం:
అమ్మా, మూడో పాదం ఈ దారంలోకెల్లా గట్టి పాదం. ‘సే-చి’ యతి చెల్లుతుంది. కనబడింది ఇద్దరైతే ‘పడతి’ ఒక్కతే అయింది, అది సమస్య చేసిన పాపం. మొదటి పద్యం పక్కన పెట్టి చదివితే ఇది భయపెడుతుంది. అక్కడ దయ్యం మాటను శవం రుజువు చేసింది. ఇక్కడ రుజువు అడిగినవాడే లేడు. ఆ అక్టోబరులో గవర్నర్ ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. 1693లో కొత్త కోర్టు ఇలాంటి ఛాయాసాక్ష్యాలను పక్కనపెట్టాక చాలామంది బయటపడ్డారు. బరోస్‌కు ఆ అదృష్టం లేదు.

కొత్తచిగురు:

కారు నెక్కి దిగక కరగిపోయిన దంట
తెల్లగౌను పిల్ల రాత్రివేళ
కటకటాల మీద కరముల ముద్రతో
చచ్చినట్టి పడతి సాక్ష్యమిచ్చె

షికాగో ఆర్చర్ అవెన్యూలో లిఫ్టు అడిగి, రిసరెక్షన్ శ్మశానం దగ్గర మాయమయ్యే మేరీ అనే దయ్యం.

నిర్వాహకుడు:
రెండో పాదంలో ‘తె’కు ‘రా’ యతి కాదు, ప్రాసయతీ లేదు. ‘తెల్లగౌను పిల్ల తేరిచూడ’ అంటే సరి, అర్థమూ పెరుగుతుంది. మీరు ముద్రలు చూపించిన ఆ శ్మశానం గేటు ఊచలు వంగింది లారీ తగిలి అని అక్కడివాళ్లు చెప్పుకున్నారు, కానీ లారీ మీద పద్యం ఎవరు చదువుతారు?

పాతనోటుబుక్కు:

బొమ్మలోన నీడ భుజముపై చెయి వైచె
లింకనే యటంచు లేమ నమ్మె
నాటకంబు చూచు నడుమనే తన భర్త
చచ్చినట్టి పడతి సాక్ష్యమిచ్చె

ఛందోబద్ధం:
భళా! చచ్చింది పడతి కాదు, ఆమె భర్త. విరుపుతో సమస్య నడ్డి విరిచారు. చచ్చినవాళ్ల ఆత్మలను ఫోటో తీస్తానన్న మమ్లర్ తీసిన ‘ఆత్మ ఫోటో’లో, హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడు లింకన్ భార్య మేరీ వెనక లింకన్ నీడ నిలబడి ఉంటుంది. అయితే యాభై దాటిన వితంతువును యతికోసం ‘లేమ’ను చేశారే! ‘లెస్స నమ్మె’ అనండి. మమ్లర్‌పై మోసం కేసు 1869లో, ఈ ఫోటో ఆ తర్వాతది, కాబట్టి ‘సాక్ష్యం’ కోర్టుది కాదు. లింకన్‌కు తూటా తగిలింది నాటకం మధ్యలో, ప్రాణం పోయింది మర్నాటి ఉదయం. దాన్ని కవికి వదిలేద్దాం.

నిర్వాహకుడు:
ఈ వారం పీట పాతనోటుబుక్కు గారిది, పాదంగా మాత్రం వానచినుకు గారి ‘కట్టుకున్నవాడె కాలయముడటంచు’. వచ్చే వారం న్యూయార్క్ హడ్సన్ నది ఒడ్డుకు వెళ్దాం, ఆటవెలదే:

“తలయె లేనివాడు తలను విసరె”