డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు పెడుతున్నాం: మొదటి నెల ఎలా నడపాలి?

ప్రశ్న (హన్మకొండ లెక్చరర్)

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో, కాకతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. వచ్చే విద్యాసంవత్సరం నుంచి బీఏ, బీకాం, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ విద్యార్థులకు కూడా ప్రోగ్రామింగ్‌లో ఒక ప్రారంభ కోర్సు పెట్టాలని మా దగ్గర నిర్ణయించి, దాన్ని రూపొందించే బాధ్యత నాకు అప్పగించారు. వారానికి 3 గంటల థియరీ, 2 గంటల ల్యాబ్, మొత్తం 4 క్రెడిట్లు. విద్యార్థుల్లో చాలామంది ములుగు, నర్సంపేట, పరకాల వైపు పల్లెల నుంచి, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వస్తారు. ఫోను అందరి చేతిలోనూ ఉంటుంది గానీ, కీబోర్డు ముట్టిన వాళ్లు తక్కువ.

ఇన్నేళ్లుగా నేను బీఎస్సీ వాళ్లకు సి భాష చెబుతూ వచ్చాను. మొదటి వారం కంప్యూటర్ తరాలు, బ్లాక్ డయాగ్రం. రెండో వారం ఫ్లోచార్టు గుర్తులు. ఆ తర్వాత డేటా టైపులు. ఆరో వారానికి ల్యాబ్ రికార్డు పుస్తకాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండేవి. కిందటేడు ల్యాబ్‌లో ఒక అమ్మాయి మూడు సబ్జెక్టుల మార్కుల సగటు ప్రోగ్రాం తప్పు లేకుండా టైపు చేసి చూపించింది. దాన్నే ఐదు సబ్జెక్టులకు మార్చమ్మా అన్నాను. చాలాసేపు స్క్రీన్ వైపు చూసి, "అది రికార్డులో లేదు మేడం" అంది. ఆమె శ్రద్ధగల విద్యార్థిని, ఒక్క క్లాసు కూడా మానలేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అందుకే అడుగుతున్నాను. ఈ కొత్త కోర్సును సి తో మొదలుపెట్టాలా, పైథాన్‌తోనా? మొదటి క్లాసులో ఏం చెప్పాలి? తెలుగు ఎంతవరకు వాడవచ్చు? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (కరీంనగర్ లెక్చరర్)

మేడం గారూ, ఈ విద్యార్థులకు పైథాన్ మంచిది. సి 1972 ప్రాంతంలో డెనిస్ రిచీ చేతిలో, ఆపరేటింగ్ సిస్టం రాసుకునే అవసరం నుంచి పుట్టిన భాష. కంప్యూటర్ మెమరీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవలసిన వారికి దానికి మించిన గురువు లేదు. బీకాం విద్యార్థికి మొదటి నెలలోనే ఆ బరువు అక్కరలేదు. పైథాన్ కూడా నిన్న మొన్నటిది కాదు, 1991లోనే వచ్చింది.

అయితే భాష కంటే పాత పనిముట్లు ఎక్కువ చేటు చేస్తున్నాయని నా అభిప్రాయం. మన వైపు చాలా ల్యాబుల్లో ఇప్పటికీ టర్బో సి అనే పాత కంపైలర్ (రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. ఆ కంపైలర్‌లో పూర్ణసంఖ్యకు 16 బిట్లే (0 లేదా 1 పట్టే గడులే) ఉంటాయి కాబట్టి 32,767 దాటిన సంఖ్య అందులో పట్టదు. ఒకసారి పత్తి లెక్క ఇచ్చాను: క్వింటాలు 8,000 చొప్పున 5 క్వింటాళ్లకు ఎంత? స్క్రీన్ మీద మైనస్ 25,536 అని వచ్చింది. తరగతిలో సగం మంది దాన్ని అలాగే అబ్జర్వేషన్ పుస్తకంలో ఎక్కించుకున్నారు. వెనుక బెంచీ నుంచి జమ్మికుంట అబ్బాయి ఒకడు లేచి, "సార్, పత్తి అమ్మితే మనమే ఎదురు పైసలు కట్టాలా?" అని అడిగాడు. ఆ రోజు ఆ ఒక్క ప్రశ్నతోనే బిట్ల గురించి గంటసేపు మాట్లాడుకున్నాం, నేను అంతకుముందు చెప్పిన ఏ పాఠమూ అంత బాగా నాటుకోలేదు.

అప్పటి నుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. జవాబు సుమారుగా ఎంత రావాలో విద్యార్థికి ముందే తెలిసిన లెక్కలే మొదటి నెలలో ఇస్తాను. ఫిబొనాచీ, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యలు ఇస్తే, వచ్చింది తప్పో ఒప్పో చెప్పడానికి వాళ్లకు ఆధారమే ఉండదు. రికార్డులో చూసి సరిపోల్చుకోవడం తప్ప ఇంకేం చేయగలరు?

జవాబు 2 (కొత్తవాడ, ప్రస్తుతం హైదరాబాద్)

నమస్తే మేడం. నేను లెక్చరర్‌ను కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. మీ మొదటి క్లాసు గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

నాకు లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ప్రోగ్రాం భాగం) అర్థమైంది మా నాన్న మగ్గం దగ్గరే. పడుగు మగ్గానికి ఎక్కించాక మిగిలిందంతా పేక లెక్కే. ఉదాహరణకు ఎరుపు 12 పోగులు, తెలుపు 4 పోగులు, ఇలా 20 సార్లు. ఈ లెక్క కాగితం మీద రాయమంటే ఏ విద్యార్థయినా తెలుగులోనే రాస్తాడు, అదే అతని మొదటి ప్రోగ్రాం అవుతుంది. మొత్తం ఎన్ని పోగులు? 320. ఇప్పుడు అసలు ప్రశ్న అడగండి: జంపఖానా ఎరుపుతో మొదలై ఎరుపుతోనే ముగియాలి, మరి మనం రాసినట్టు నేస్తే ఏ రంగుతో ముగుస్తుంది? తెలుపుతో. అంటే 20 సార్లు పూర్తయ్యాక, లూప్ బయట, ఇంకో 12 ఎరుపు పోగులు వేయాలి, 332 అవుతాయి. లూప్ లోపల ఏముండాలి, బయట ఏముండాలి అన్న ఈ తికమకలో నేటికీ మా ఆఫీసులో అనుభవం ఉన్నవాళ్లు కూడా పడుతుంటారు. మగ్గం మీద ఆ పొరపాటు చేస్తే అంచు చెడిపోతుంది కాబట్టి నేతగాడు నేయడానికి ముందే లెక్క చూసుకుంటాడు.

మా ఇంటి మగ్గానికి జకార్డ్ అనే డిజైన్ల పరికరం లేదు. కానీ ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రంధ్రాల అట్టలతో నడిచే మగ్గం తెచ్చాడనీ, ఆ అట్టలనే చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి తీసుకున్నాడనీ, 1843లో అడా లవ్‌లేస్ ఆ యంత్రం గురించి రాస్తూ మగ్గంతోనే పోల్చిందనీ చెబితే, కంప్యూటర్ తరాల పాఠం కంటే పిల్లలకు దగ్గరగా ఉంటుంది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా నాన్న చేసే పనికీ కంప్యూటర్‌కూ సంబంధం ఉందని డిగ్రీలో నాకు ఎవరైనా చెప్పి ఉంటే, మొదటి సంవత్సరమంతా భయంతో గడిచేది కాదు.

జవాబు 3 (రిటైర్డ్ అధ్యాపకుడు, మంచిర్యాల)

పై సూచనలు బాగున్నాయి, కానీ ఒక హెచ్చరిక. సెమిస్టర్ పరీక్షలో ఫ్లోచార్టు గీయమనే ప్రశ్న వస్తే, గీయలేని పిల్లలే నష్టపోతారు. ఫ్లోచార్టును తీసివేయకండి, మూడో వారానికి జరపండి. విద్యార్థి తాను రాసిన ప్రోగ్రాంకే ఫ్లోచార్టు గీస్తే, గుర్తులు వాటంతట అవే గుర్తుంటాయి.

జవాబు 4 (జనగామ, లెక్చరర్)

మేడం, తెలుగు సంగతి నేను రాస్తాను. మా కళాశాలలో మూడేళ్లుగా పైథాన్ చెబుతున్నాం. వివరణ తెలుగులో ఇచ్చి, సాంకేతిక పదాలు మాత్రం వేరియబుల్ (విలువను దాచుకునే పేరు), లూప్, ఫంక్షన్ (పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాం ముక్క) అనే చెబుతాను. వాటికి కొత్త అనువాదాలు కల్పిస్తే పరీక్షలోనూ ఉద్యోగంలోనూ పిల్లలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పైథాన్ 3 లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. మొత్తం, ధర, తూకం అని పేర్లు పెట్టిన రోజున, కంప్యూటర్‌కు ఇంగ్లీషే వస్తుంది కాబట్టి ప్రోగ్రామింగ్ మనకు రాదు అన్న భయం ఒక్కసారిగా సడలుతుంది. రెండు వారాల తర్వాత ఇంగ్లీషు అక్షరాలకు మారతాం.

ఇంకొకటి కూడా చేయించండి. వరంగల్ అనే మాటలో ఎన్ని అక్షరాలు అని అడిగితే అందరూ 4 అంటారు. పైథాన్‌ను అడిగితే 6 అంటుంది. సున్నను, చివరి పొల్లును అది విడిగా లెక్కపెడుతుంది కనుక. మనకు అక్షరం అంటే ఏమిటో, యంత్రానికి అక్షరం అంటే ఏమిటో బీఏ తెలుగు విద్యార్థులు అంత ఆసక్తిగా చర్చించడం నేను మరెప్పుడూ చూడలేదు.

కరీంనగర్ సార్ చెప్పిన నియమానికి పైథాన్‌లోనూ చోటుంది. ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చిన రెండు మిర్చి బస్తాల తూకాలు అడిగి కూడే ప్రోగ్రాం రాయించాను. 42, 38 ఇస్తే 4238 అని వచ్చింది. కీబోర్డు నుంచి వచ్చేదాన్ని పైథాన్ సంఖ్యగా కాక అక్షరాల వరసగా తీసుకుంటుంది, ప్లస్ గుర్తు వాటిని పక్కపక్కన అతికిస్తుంది. ఇంట్లో బస్తాలు ఎత్తిన పిల్లలకు నాలుగు వేల కిలోలు కానేకాదని చూడగానే తెలిసిపోయింది, ఎందుకు అలా వచ్చిందో వాళ్లే వెతకడం మొదలుపెట్టారు.

ల్యాబ్‌లో థానీ వాడండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవారి కోసమే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఒక్కో లైను నడుస్తుంటే వేరియబుల్ విలువ ఎలా మారుతోందో పక్కన చూపిస్తుంది. ఇంటి దగ్గర ఫోనులో పైడ్రాయిడ్ అనే పైథాన్ యాప్ ఉంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది, కాకపోతే లైను ముందు ఖాళీలు సరిగా పెట్టడం చిన్న స్క్రీన్ మీద కష్టమే.

ప్రశ్న అడిగినవారు (హన్మకొండ లెక్చరర్)

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పైథాన్‌తోనే మొదలుపెడతాను, ఫ్లోచార్టు మూడో వారంలో వస్తుంది. రికార్డును పూర్తిగా తీసేయడం నా చేతిలో లేదు, కానీ ఇంటర్నల్ ల్యాబ్ మార్కుల పద్ధతి నా చేతిలో ఉంది. టైపు చేసి చూపించిన ప్రోగ్రాంకు సగం మార్కులు, అక్కడికక్కడ నేను అడిగిన మార్పు చేసినందుకు మిగతా సగం. ప్రతి ల్యాబ్‌లోనూ ప్రోగ్రాం నడపడానికి ముందు, జవాబు సుమారుగా ఎంత రావాలో అబ్జర్వేషన్ పుస్తకంలో పెన్నుతో రాయిస్తాను. అది తప్పయినా కొట్టివేయకూడదని, పక్కనే కారణం రాయాలని చెబుతాను.

కొత్తవాడ తమ్ముడూ, మొదటి క్లాసుకు చారల జంపఖానా ఒకటి కొని తీసుకెళ్లాలని ఉంది. పిల్లలు వేలితో పోగులు లెక్కపెట్టగలిగేంత ముతకది కావాలి. అలాంటిది నేసేవాళ్ల దగ్గరే దొరుకుతుందా, ముందుగా చెప్పి నేయించుకోవాలా? జూన్ మొదటి వారంలోపు చేతికి రావాలంటే నేనెప్పుడు రావాలో మీ నాన్నగారిని అడిగి చెప్పండి.