గింజా లైన్ రైళ్లు ఎందుకింత చిన్నవి? షిబుయాలో సబ్‌వే పై అంతస్తులో ఎందుకుంది?

నిషికసాయ్_తమ్ముడు:
అందరికీ నమస్తే. నేను టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాను. ఈ మధ్య మా ఆఫీసు తొరానొమోన్‌కి మారింది కాబట్టి తోజాయ్ లైన్‌లో నిహొంబాషి దాకా వెళ్లి అక్కడ గింజా లైన్ ఎక్కుతున్నాను. తోజాయ్‌లో పది బోగీలుంటే ఇందులో ఆరే, అవి కూడా పొట్టివి, ఒక్కో వైపు మూడే తలుపులు, పైన కరెంటు తీగ కూడా కనబడదు. పోయిన ఆదివారం షిబుయా వెళ్తే రైలు సొరంగంలోంచి బయటికొచ్చి ఏకంగా రోడ్డు మీదుగా వంతెనెక్కి ఆగింది, హన్జోమోన్ లైన్ చూస్తేనేమో ఎక్కడో అడుగున ఉంది. ఊరి నడిబొడ్డున పోయే ఇంత ముఖ్యమైన లైన్‌ని ఇలా ఎందుకు కట్టారు? ఇప్పుడైనా పెద్ద రైళ్లు వేయొచ్చు కదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మూడోపట్టా:
తమ్ముడూ, నువ్వడిగిన వాటిలో చాలావాటికి కారణం ఒకటే: జపాన్‌లో మొట్టమొదటి సబ్‌వే అదే. 1927 డిసెంబరు 30న అసకుసా నుంచి ఉయెనో దాకా 2.2 కిలోమీటర్లు మొదలైంది. ఛార్జీ 10 సెన్లు (సెన్ అంటే యెన్‌లో నూరో వంతు), ఐదు నిమిషాల ప్రయాణం కోసం జనం గంటల తరబడి క్యూ కట్టారు.

దీని వెనక ఉన్న మనిషి హయకావా నోరిత్సుగు. లండన్ వెళ్లి అక్కడి భూగర్భ రైలు చూసి, టోక్యోకి కూడా ఇది కావాలని పట్టుబట్టాడు. టోక్యో నేల మెత్తన, నీళ్లు ఊరతాయి, సొరంగం నిలవదు అని అందరూ కొట్టిపారేస్తుంటే వంతెనల కోసం తీసిన మట్టి పరీక్షల వివరాలు సంపాదించి, కింద గట్టి నేల ఉందని తేల్చాడు. జనం రద్దీ ఎంతుందో చూపించడానికి వీధి మూలల్లో నిలబడి, జేబుల్లో చిక్కుడు గింజలు పోసుకుని, ట్రాములు, మనుషులు వెళ్తుంటే ఒక్కో గింజా ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుస్తూ లెక్కపెట్టాడని చెబుతారు. ఏ ప్రభుత్వమో చేయాల్సిన సర్వే ఒక్కడే చేశాడు, నాకు ఆయనంటే చాలా గౌరవం.

ఇక సైజు సంగతి. 1923 భూకంపం తర్వాత పెట్టుబడి దొరకడం కష్టమైపోయింది, అందుకే మొదట అంత చిన్న ముక్కే కట్టారు. రోడ్డును పైనుంచి తవ్వి, సొరంగం కట్టి మళ్లీ పూడ్చేసే పద్ధతి. పైన కరెంటు తీగ పెడితే సొరంగం ఎత్తు పెరుగుతుంది, తవ్వకం పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకని పట్టాల పక్కనే మూడో పట్టా వేసి దాంట్లోంచి 600 వోల్టుల కరెంటు ఇచ్చారు. ఆ సొరంగానికి సరిపోయేలా సుమారు 16 మీటర్ల బోగీలు. ఇప్పుడు పెద్ద రైళ్లు వేయాలంటే గింజా వీధి కింద సొరంగం మొత్తం తిరగదవ్వాలి. దాని చుట్టూ, కిందా వేరే లైన్లూ భవనాలూ వచ్చేశాక అది జరిగే పని కాదు. అందుకే రైలు పెద్దది చేయలేక రైళ్లు ఎక్కువ చేశారు, ఉదయం రద్దీలో సుమారు రెండు నిమిషాలకొకటి వస్తుంది.

దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. తోజాయ్ రైళ్లు జేఆర్ (జపాన్ రైల్వేస్), తోయో రాపిడ్ అనే వేరే కంపెనీల పట్టాల మీదకి కూడా పోతాయి, ఎక్కడో శివార్లలో ఏదైనా జరిగితే ఆ ఆలస్యం నీదాకా వస్తుంది. గింజా లైన్ గేజ్ (పట్టాల మధ్య వెడల్పు) వేరు, కరెంటు వేరు, బయటి కంపెనీల రైళ్లేవీ ఇందులోకి రాలేవు. సుమారు 14 కిలోమీటర్లు, 19 స్టేషన్లు, అంతే.

ఆవలి_ప్లాట్‌ఫాం:
షిబుయా గురించి నేను చెప్తాను. షిబుయా లోయలో ఉంది, దానికి ముందు స్టేషనైన ఒమొతెసాందో వైపు నేల ఎత్తు. రైలు అక్కడ భూమికి కాస్త కిందగానే వస్తుంది కానీ ముందుకు పోయేకొద్దీ నేలే దిగిపోతుంది, దాంతో రైలు గాల్లోకి వచ్చేస్తుంది. దించాలంటే వాలు బాగా ఎక్కువవుతుంది. 2020 జనవరిలో ఆ స్టేషన్‌ని 130 మీటర్లు తూర్పుకి జరిపినప్పుడు కూడా ఎత్తులోనే ఉంచారు.

ఇంకో సంగతి, షిబుయా వైపు కట్టింది హయకావా కాదు. ఆయన కంపెనీ 1934కి షింబాషి దాకా వచ్చింది. షిబుయా నుంచి గోతో కెయితా నడిపిన ఇంకో కంపెనీ కట్టుకుంటూ 1939 జనవరిలో అదే షింబాషికి చేరింది. మొదట్లో రెండు కంపెనీలకీ వేర్వేరు ప్లాట్‌ఫాంలు, మధ్యలో గోడ! ప్రయాణికుడు దిగి నడిచి మారాలి. సెప్టెంబరులో గానీ రైళ్లు నేరుగా నడవలేదు. గోతో ప్లాట్‌ఫాం అప్పుడు మూతబడింది, ఇప్పటికీ షింబాషిలో అలాగే ఉంది. మీరు రోజూ దాని పక్కనుంచే వెళ్తున్నారు.

గోతో షేర్లు కొని హయకావాని సొంత కంపెనీలోంచే బయటికి పంపించేశాడు, ఆ బాధతోనే 1942లో ఆయన పోయారు. చాలా అన్యాయం.

మూడోపట్టా:
అన్నా, బాధతోనే పోయారు అనేది మరీ ఎక్కువ. గోతో పద్ధతి నాకూ నచ్చదు కానీ, షిబుయా దాకా లైన్ రావడానికి ఆయన పట్టుదలే కారణం. 1941లో రెండు కంపెనీలూ ఎలాగూ ఒకే ప్రభుత్వ సంస్థలోకి వెళ్లిపోయాయి. 'గింజా లైన్' అన్న పేరు కూడా 1953లో ఆ సంస్థ పెట్టిందే.

ఆవలి_ప్లాట్‌ఫాం:
సరే, ఆ మాట వరకు ఒప్పుకుంటా. కానీ గింజా స్టేషన్‌లో విగ్రహం ఎవరిదో చూడండి, హయకావాదే.

నిషికసాయ్_తమ్ముడు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. ఆ మొదటి రైలు ఎక్కడైనా ఉంచారా, పారేశారా?

కసాయ్_అక్క:
మీకు పక్క స్టేషనే తమ్ముడూ! కసాయ్‌లో పట్టాల వంతెన కిందే సబ్‌వే మ్యూజియం ఉంది, 1001 నంబరు బోగీ అక్కడే పెట్టారు. 2017లో దానికి ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తింపు కూడా ఇచ్చారు. పసుపు రంగు, అప్పట్లో చెక్క బోగీలు మామూలైనా, సొరంగంలో నిప్పంటుకుంటే ప్రమాదమని దీన్ని పూర్తిగా ఉక్కుతో చేశారు. లోపల చేతిపట్టీలు తప్పకుండా చూడండి, స్ప్రింగు ఉంటుంది, వదిలేస్తే వాటంతటవే పక్కకి వెళ్లిపోతాయి. 10 సెన్ల నాణెం వేస్తే తిరిగే గేటు కూడా ఉంది. మీరిప్పుడు ఎక్కే రైళ్లకి పసుపు రంగు వేసింది దీన్ని చూసే. సోమవారం మూసేస్తారు, ఆ రోజు వెళ్లకండి.